రాగి తీగకు అగ్నిశుద్ధి అక్కర లేదు

ఇంటికి సున్నాలు వేయించే ముందో, పాత వైరింగు తీయించి కొత్తది వేయించిన తర్వాతో ప్రతి ఇంటిలోనూ ఒక మూల పాత సామాను కుప్ప పడుతుంది. పాడైన మిక్సీ, పిడి విరిగిన కుక్కరు, తిరగడం మానేసిన టేబులు ఫ్యాను, చుట్టలు చుట్టిన పాత వైర్లు అందులో చేరతాయి. పాత ఇనుప సామాను కొనే మనిషి వీధిలోకి రాగానే బేరం మొదలవుతుంది. "ప్లాస్టిక్కు ఉన్నదమ్మా, తరుగు తీయాలి" అంటాడతడు. ఆ మాట విన్న గృహస్థుకు, ఆ ప్లాస్టిక్కేదో మనమే వదిలించి రాగిని రాగిగా, ఇత్తడిని ఇత్తడిగా అమ్ముకొంటే నాలుగు రూకలు ఎక్కువ వస్తాయి కదా అనిపిస్తుంది. ఆలోచన మంచిదే. వదిలించే పద్ధతి గురించే నా అభ్యంతరమంతా. పెరటిలోనో మేడ మీదనో నాలుగు కాగితాలు పేర్చి, వైర్ల చుట్టను వాటి మీద పెట్టి అగ్గిపుల్ల గీస్తే కొద్దిసేపటిలో తొడుగు మాడిపోయి రాగి బయటపడుతుంది. చదువుకొన్న కుటుంబాలలో సైతం దీనిని తప్పుగా ఎంచడం లేదు.

ఆరోగ్య పత్రికలో ఈ తుక్కు గొడవ ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చును. దగ్గుకు, ఆయాసానికి, కళ్ళ మంటకు చిట్కాలు అడిగే వారు చాలామందే ఉన్నారు. ఆ దగ్గు ఎక్కడి నుండి వచ్చిందని అడిగేవారు తక్కువ. నా దృష్టిలో ఈ విషయం పత్రికలోని కషాయాల పేజీకి ముందు రావలసినది.

నిప్పు సర్వాన్నీ శుద్ధి చేస్తుందన్న నమ్మకం మనలో పాతుకొని ఉన్నది. బంగారాన్ని పుటం పెడతాము. ఇల్లు కడగగానే సాంబ్రాణి వేస్తాము. బాలింత గదిలో వేపాకు, గుగ్గిలం ధూపం వేయడం నేటికీ ఉన్నది. కాశ్యప సంహితలో ధూపాలకే ఒక ప్రకరణం కలదు. రసశాస్త్రమైతే లోహశోధనను ఎంత విపులంగా చెప్పినదో వైద్యులకు తెలుసు. రాగిని పలుచని రేకులుగా కొట్టించి, ఎర్రగా కాల్చి, నువ్వుల నూనెలో, మజ్జిగలో, గోమూత్రంలో, కాంజికంలో, ఉలవల కషాయంలో ఒక్కొక్క దానిలో ఏడేసి మార్లు ముంచవలెనని సామాన్య శోధన విధి. ఇంత చదివిన వారికి రాగిని మంటలో వేయడం శాస్త్రసమ్మతమేనని అనిపించడం సహజం. (ఔషధ నిర్మాణంలో ఆరితేరిన వారు చేయవలసిన పనులివి. ఇంటిలో ఎవరూ ప్రయత్నించకూడదు. ఆ మాట వేరే.)

అయితే ఆ విధిలో మంటలో పడేది లోహం. పైన అంటుకొన్న మాలిన్యం మహా అయితే చిలుము, మట్టి, జిడ్డు. పెట్రోలియం నుండి, ఉప్పు నుండి తీసిన పదార్థాలతో తయారైన పీవీసీ అనే తొడుగు ఆనాటి వారు ఎరుగనిది. దాని బరువులో సగానికి మించి, సుమారు 57 శాతం, క్లోరినే. ఈ తొడుగును కాల్చినప్పుడు హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడుతుంది. అది కంటి తడిలో, గొంతు తడిలో, ఊపిరితిత్తుల తడిలో కలిసిన చోటనే హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. వైర్లు కాల్చేవారి కళ్ళు మండటానికి, గొంతులో గీరుకొన్నట్టు ఉండటానికి కారణం ఇదే. ఉబ్బసం ఉన్న పిల్లవాడు పక్క మేడ మీద ఉన్నా వాడికి ఆ సాయంత్రం ఆయాసం రేగుతుంది.

ఇది తక్షణం కనబడే బాధ. దీనికన్నా నేను భయపడేది కంటికి కనబడని దానికి. క్లోరిను ఉన్న పదార్థం చాలీచాలని గాలిలో, తక్కువ వేడిలో మాడినప్పుడు డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు పుడతాయి. సుమారు 200 నుండి 450 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి ఏర్పడటానికి అనువైన పరిస్థితి ఉంటుంది. పెరటి మంటలో పొగ చల్లారుతూ పైకి పోయేటప్పుడు ఉండే వేడి సరిగ్గా అదే. ఇంతకన్నా విచారించవలసినది, ఆ చర్యను రాగియే వేగిరపరుస్తుంది. పాలకు తోడు ఎటువంటిదో డయాక్సిన్లు పుట్టడానికి రాగి అటువంటిది. కనుక వట్టి ప్లాస్టిక్కు సంచిని కాల్చడం తప్పయితే, రాగితో కలిపి తొడుగును కాల్చడం మరింత పెద్ద తప్పు. దేశాలన్నీ కలిసి 2001లో చేసుకొన్న స్టాక్‌హోం ఒప్పందంలో, డయాక్సిన్లను పుట్టించే పనుల పట్టికలో రాగి కేబుళ్ళను కాల్చి పొగబెట్టడం పేరు పెట్టి మరీ చెప్పబడింది. 2006లో మన దేశం ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. ఆ విషాలలో అతి తీవ్రమైన దానిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

డయాక్సిను నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పొగతో పైకి పోయి, గడ్డి మీద, మట్టి మీద వాలుతుంది. గడ్డి మేసిన పశువు కొవ్వులో చేరి, పాలలోకి, వెన్నలోకి వస్తుంది. మట్టిలో ఏరుకొని తినే కోడి గుడ్డులోకి వస్తుంది. మనుషులకు చేరే డయాక్సిన్లలో 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే చేరుతున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. శరీరంలో చేరినది సగానికి తగ్గడానికి 7 నుండి 11 సంవత్సరాలు పడుతుందని కూడా ఆ సంస్థే చెబుతున్నది. తల్లి పాల ద్వారా బిడ్డకూ కొంత చేరుతుంది. అంతమాత్రాన తల్లిపాలు మాన్పించరాదు. మానవలసినది మంటను.

దీనిని చదివినప్పుడు నాకు మన ప్రాచీనులు చెప్పిన దూషీవిషం గుర్తుకు వస్తుంది. చరకుడు, సుశ్రుతుడు ఇరువురూ విషప్రకరణాలలో దానిని వర్ణించారు. వెంటనే చంపదు, పూర్తిగా వెలికి పోదు, శక్తి తగ్గి ధాతువులలో ఏళ్ళ తరబడి నిలిచి ఉండి, అనువైన కాలం వచ్చినప్పుడు వికారాలు పుట్టిస్తుంది. వారు డయాక్సిన్ల గురించి చెప్పారని నేను అనను. ప్రతి ఆధునిక విషయమూ మన గ్రంథాలలో ముందే ఉన్నదని వాదించే వారితో నాకు పేచీ. కాని మెల్లగా పేరుకొనే విషం అనే ఊహ మన వైద్యానికి కొత్తది కాదు. దానిని అర్థం చేసుకోవడానికి మన పాఠకులకు ప్రయోగశాల అవసరం లేదు.

ఇక బూడిద సంగతి. వైర్ల తొడుగు త్వరగా చెడిపోకుండా ఉండటానికి సీసపు లవణాలు కలపడం చాలాకాలం వాడుకగా ఉండినది. పాత ఇళ్ళలో నుండి తీసిన వైర్లలో అవి ఉండే అవకాశం ఎక్కువ. రసశాస్త్రంలో నాగమని పిలిచే సీసమే ఇది. తొడుగు కాలిపోయినా సీసం కాలిపోదు. కొంత పొగతో పోతుంది, మిగిలినది బూడిదలో కూర్చుంటుంది. మన ఇళ్ళలో బూడిదను పారవేసే అలవాటు ఉన్నదా? దానితో అంట్లు తోముతాము. చీడ పట్టిన బెండ మొక్కల మీద, చిక్కుడు పాదు మీద చల్లుతాము. పిడకల కచ్చికతో పళ్ళు తోముకొనే పెద్దలు ఇంకా ఉన్నారు. స్వచ్ఛమైన కట్టెల బూడిద, పిడకల బూడిద అయినంతకాలం ఇవన్నీ చక్కని అలవాట్లు. అదే పొయ్యిలో, అదే గుంటలో ఒక్కసారి వైర్లు కాలిస్తే ఆ బూడిద అంట్లకు, మొక్కలకు, నోటికి పనికిరాదు. సీసానికి నిరపాయమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఒకే మూలం నుండి కడుపులో పడిన సీసాన్ని పెద్దల కంటె పసిపిల్లలు నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తారు. పెరటి మట్టిలో ఆడుకొని వేళ్ళు నోట పెట్టుకొనేది ఎవరో తల్లులకు వేరే చెప్పనక్కర లేదు.

భోగి మంటల ప్రస్తావన ఇక్కడ తప్పదు. పాత సామాను భోగిలో వేయడం ఆచారమే. పాత చేట, విరిగిన కవ్వం, చెదలు పట్టిన తలుపు చెక్క వేసేవారు మన పెద్దలు. చెక్క, వెదురు, పేడ తప్ప వారి ఇంటిలో కాలేది మరేమున్నది? ఈనాడు అదే ఆచారం పేరుతో సైకిలు టైర్లు, ప్లాస్టిక్కు కుర్చీలు, వైర్ల చుట్టలు మంటలోకి వస్తున్నవి. తెల్లవారిన తర్వాత కుర్రవాళ్ళు బూడిదలో కెలికి రాగి ఏరుకొంటారు. ఆ మంట మీదనే నీళ్ళు కాచి పసిపిల్లలకు తలంటి పోస్తారు. కొందరు ఆ బూడిదను నొసట పెట్టుకొంటారు. ఆచారాన్ని మానమని నేను అనడం లేదు. ఆచారంలో లేనిదాన్ని ఆచారంలోకి తేవద్దంటున్నాను.

పొగ పీల్చిన తర్వాత ఏమి తినవలెనని అడిగేవారికి నా జవాబు కొంత నిరాశ కలిగించవచ్చును. బెల్లం ముక్క తింటే దుమ్ము పోతుందని, పాలు తాగితే విషం విరుగుతుందని, పసుపు వేసిన ఆవునెయ్యి ఊపిరితిత్తులను కడుగుతుందని చాలామంది నమ్ముతారు. బెల్లం మంచి ఆహారమే. గొంతు గరగరకు పసుపు పాలు హితవే. రోజూ ముక్కులో రెండు చుక్కల నూనె వేసుకోవడం దినచర్యలో చెప్పినదే. కాని వీటిలో ఏదీ సీసాన్ని బయటకు తీయలేదు, డయాక్సినును విరిచివేయలేదు. తీస్తుందని ఎవరైనా చూర్ణం అమ్మితే కొనవద్దు. ఎవరికైనా పొగ తగిలినప్పుడు వెంటనే మంచి గాలిలోకి తీసుకొని పోవలెను. కళ్ళు మండితే పావుగంట సేపు శుభ్రమైన నీటితో కడగవలెను. తేనె, పాలు, రోజ్ వాటరు కంటిలో వేయరాదు. దగ్గు తగ్గకపోయినా, పిల్లికూతలు వినబడినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి వెళ్ళవలెను. ఆ ఇంటి పిల్లల విషయంలో అనుమానం ఉంటే సీసానికి రక్తపరీక్ష ఉన్నది, వైద్యుని అడగవలెను. చికిత్సలన్నిటికీ ముందు నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని విడిచిపెట్టడం, అని ఆయుర్వేదం చెబుతుంది. ఆ సూత్రాన్ని విడిచి మిగిలినదంతా పాటించడం వల్ల ఫలం లేదు.

లాభనష్టాల లెక్కకు వస్తాను. మధ్యతరగతి ఇంటిలో చివరికి మాట తేలేది అక్కడే కనుక. కాలిన రాగి నల్లబడుతుంది, పెళుసుబారుతుంది. తుక్కు వ్యాపారంలో రాగి శ్రేణులను నిర్ణయించే అంతర్జాతీయ నిర్వచనాలలోనే, పై శ్రేణి రాగి తీగలో కాలి పెళుసైన తీగ ఉండరాదని ఉన్నది. అంటే మెరిసే రాగికి ఒక ధర, కాలిన రాగికి అంతకు తక్కువ ధర. చింతపండుతో తోమి మెరిపించినా పెళుసుతనం పోదు. కొన్ని పాత ఇళ్ళ వైరింగులో ఉన్నది అల్యూమినియం. 660 డిగ్రీలకే అది కరుగుతుంది కనుక, మంట జోరు మీద ఉంటే సన్నని తీగ ముద్ద కట్టి బూడిదలో కలిసిపోతుంది. ఇంత పొగ పీల్చి సాధించేది తక్కువ ధర.

మరి ఒలిస్తే ఎంత వస్తుంది? ఇళ్ళలో దీపాలకు సాధారణంగా వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో మీటరుకు సుమారు 13 గ్రాముల రాగి ఉంటుంది. 90 మీటర్ల చుట్టలో సుమారు కిలో రెండు వందల గ్రాములు. మొత్తం బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు రాగియే. ఇటువంటి వైరును ఒలవడం తీరిక ఉన్నవారికి గిట్టుబాటే. ఛార్జర్ల తీగలు, ఇయర్ ఫోను తీగలు, టీవీకి వెనుక వేలాడే సన్నని తీగలు ఒలవబోతే వేళ్ళు తెగడమే తప్ప ఫలితం ఉండదు. వాటిని ఉన్నవి ఉన్నట్టు తరుగు ఇచ్చి అమ్మివేయడమే మేలు.

ఒలిచే పద్ధతి కష్టమైనది కాదు. వైరును రెండు మూరల ముక్కలుగా కత్తిరించి, మంచి ఎండలో రెండు మూడు గంటలు పరచవలెను. తొడుగు మెత్తబడుతుంది. ఒక చెక్కకు పదునైన బ్లేడును కదలకుండా బిగించి, వైరును దాని కిందుగా లాగితే తొడుగు పొడవునా చీలుతుంది. కత్తి నిలకడగా ఉండగా వస్తువు కదలడం మన కత్తిపీటలో ఉన్న సూత్రమే. అలాగని వంటింటి కత్తిపీటను మాత్రం ఈ పనికి వాడరాదు. దాని మీద తర్వాత కూరలే తరుగుతాము. చేతులకు మందపాటి తొడుగులు వేసుకొని, లాగే చేయి బ్లేడుకు అవతలి వైపున ఉండేటట్టు చూసుకోవలెను. చీలిన తొడుగు చిక్కుడుకాయ ఈనె వలె చివరిదాకా ఊడి వస్తుంది. పిల్లల చేత ఈ పని చేయించకూడదు. ఒకసారి గోడలో నుండి తీసిన వైరును ఒలిచేటప్పుడు కింద పాత గుడ్డ పరచి, రాలిన పొడిని చిమ్మకుండా తడిగుడ్డతో తుడవవలెను.

కుక్కరు, మూకుడు పిడులు బేకలైటువి. అవి కరగవు, మాడి ఘాటైన వాసన వేస్తాయి. మర ఊడదీస్తే సరిపోతుంది. తుప్పు పట్టి మర కదలకపోతే ఒక చుక్క కొబ్బరినూనె వేసి రాత్రంతా ఉంచండి. నాన్‌స్టిక్ పెనం మీది పూతను మంటలో పెట్టి వదిలించబోవడం మహా ప్రమాదం. దాని పొగకు పంజరంలోని చిలుకలు చనిపోయిన సందర్భాలు నమోదై ఉన్నవి. పూతతో సహా అమ్మవలెను. ట్యూబులైటు చోకులు, మిక్సీ మోటార్లు, ఫ్రిజ్ సామాను ఇంటిలో విప్పే వస్తువులు కావు.

మనం కాల్చకపోయినా కొన్నవాడు కాలుస్తాడు కదా, మన ఒక్కరి వల్ల ఏమవుతుంది అని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయలేము. వీధిలో కొన్న మనిషి దుకాణానికి అమ్ముతాడు, దుకాణం మరొకరికి అమ్ముతుంది, చివరకు ఊరి బయట ఎవరో ఒక బీదవాడు దానిని కాల్చి రాగి తీస్తాడు. మన ఇంటి వైరు పొగ మన ముక్కుకు తగలకపోవచ్చును, అతని బిడ్డ ముక్కుకు తగులుతుంది. ఆఫ్రికాలోని ఘనా దేశ రాజధాని అక్రాలో అగ్‌బోగ్‌బ్లోషీ అనే చోట ఏళ్ళ తరబడి యువకులు కేబుళ్ళు కాల్చి రాగి తీసి బ్రతికారు. అక్కడ విడిగా తిరిగే కోళ్ళ గుడ్లను పరీక్షిస్తే డయాక్సిన్లు అతి హెచ్చు మోతాదులో ఉన్నట్టు 2019లో వెల్లడైంది. 2021లో ప్రభుత్వం ఆ స్థలాన్ని ఖాళీ చేయించింది. మన దేశంలో మొరాదాబాదులో రామగంగ ఒడ్డున ఎలక్ట్రానిక్ తుక్కును కాల్చి లోహాలు తీసిన కథ కూడా పత్రికలు చదివేవారికి తెలిసినదే. చరకుడు విమానస్థానంలో జనపదోధ్వంసాన్ని వివరిస్తూ గాలి, నీరు, నేల, కాలం ఈ నాలుగూ చెడినప్పుడు ప్రకృతులు వేరైనా జనులందరూ ఒకే విధంగా వ్యాధిగ్రస్తులవుతారని చెప్పాడు. ఎంత పథ్యం చేసే కుటుంబమైనా ఊరి బయట మేసిన గేదె పాలనే కదా తోడు పెట్టుకొంటుంది.

చట్టం కూడా ఊరకుండలేదు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించి, మామూలుగా కాల్చిన వారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చిన వారికి 25,000 రూపాయలు చెల్లింపు విధించవలెనని ఆదేశించింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2023 ఏప్రిల్ నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలలో యంత్రాలతో తీగను తరిగి, రాగిని, ప్లాస్టిక్కును మంట లేకుండా వేరు చేస్తారు. అపార్టుమెంట్లలో నివసించేవారు నాలుగైదు ఇళ్ళ వైర్లు ఒక సంచిలో పోగుచేస్తే అటువంటి కేంద్రం వారు వచ్చి తీసుకొని పోవడానికి వీలవుతుంది. కిలోకు కొంత తక్కువ వచ్చినా అటువంటి వారికే ఇవ్వమని నా సలహా. ఆ వీలు లేనివారు తమ వీధికి వచ్చే మనిషిని, ఏమయ్యా, ఇది కాలుస్తారా, ఒలుస్తారా అని అడగండి. ఒలిచిన రాగినే అతని చేతిలో పెడితే, కాల్చవలసిన అవసరం అతనికీ ఉండదు.

ఇంటిలో ఒలిచిన తర్వాత మిగిలిన తొడుగు ముక్కలను నీళ్ళ పొయ్యిలో రాజేయడానికి వాడకండి. కట్టెలు తడిసి ఉన్నప్పుడు ఆ ఆలోచన తప్పక వస్తుంది. వాటిని ఒక సంచిలో మూట కట్టి ప్లాస్టిక్కు కొనేవారికి ఇవ్వండి. వారు వద్దంటే పురపాలక సంఘం వారి పొడి చెత్త డబ్బాలో వేయండి.